బొచ్చుకుక్కకి కొలతలు తీసేటప్పుడు

నేను 30 ఏళ్ళుగా విశాఖ పెదవాల్తేరులో జాకెట్లు కుడుతున్నాను. కుక్కల గురించి నాకేమీ తెలియదు, జున్ను వచ్చేదాకా. మా అమ్మాయికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. హాస్టల్లో కుక్కని ఉండనివ్వరని తెచ్చి నా దగ్గర వదిలేసింది. "రెండు నెలలేనమ్మా" అంది. నాలుగేళ్ళయింది.

జున్ను మీగడ రంగులో ఉంటాడు, 6 కిలోలు. వీధిలో అందరూ పొమేరియన్ అనే అంటారు. టీకాకి తీసుకెళ్తే డాక్టరుగారు చూసి ఇది ఇండియన్ స్పిట్జ్ అన్నారు. అసలు పొమేరియన్ ఇంకా చిన్నదట, 3 కిలోల దగ్గర ఆగిపోతుందట. బొచ్చు సంగతికొస్తే రెండూ ఒకటే, రెండిటికీ రెండు పొరలు. బెల్టు సైజు దగ్గరే తేడా. "పొమేరియన్ సైజు" అని రాసి ఉన్న హార్నెస్, అంటే మెడకి కాకుండా ఛాతీకి తొడిగే పట్టీల బెల్టు, కొని మొదటి 300 రూపాయలు నేను అక్కడే పోగొట్టుకున్నాను. అది జున్ను తల కూడా దాటలేదు.

ముందు ఆ రెండు పొరల సంగతి చూడండి. మిగతావన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. కుక్క వీపు మీద బొచ్చుని రెండు చేతులతో పాపిడి తీసినట్టు విడదీస్తే, పైన పొడుగ్గా కాస్త బిరుసుగా ఉండే వెంట్రుకలు, వాటి అడుగున దూదిలా మెత్తగా, దట్టంగా ఇంకో పొర కనిపిస్తాయి. మా భాషలో చెప్పాలంటే లైనింగ్ వేసిన బట్ట. లైనింగ్ వేసిన జాకెట్టు వానాకాలంలో ఉతికినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పైన చేత్తో తడిమితే ఆరినట్టే ఉంటుంది, తొడుక్కుంటే చంకలో చల్లగా తగులుతుంది. జున్ను కూడా అంతే. ఎండ సంగతి అందరూ చెప్తారు. మన విశాఖలో ఈ కుక్కలకి నేను చూసిన అసలు ఇబ్బంది తడి. గాలిలో తడి, బొచ్చులో తడి, బెల్టు కింద తడి. అందుకే ఏది కొన్నా నేను అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ఇది ఎంతసేపట్లో ఆరుతుంది?

గాలిలో తడి గురించి ఇంకో మాట. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పుతూ ఉంటే నోట్లో తడి ఆవిరై ఒళ్ళు చల్లబడుతుంది. గాలి అప్పటికే తడిగా ఉంటే ఆ ఆవిరి పోయే దారి ఉండదు. ఉక్కపోత రోజున మనం చెమటతో తడిసి ముద్దయినా హాయి ఉండదే, అదే బాధ దానిది. నాకొక కొలత ఉంది. రాత్రి దండెం మీద వేసిన తువ్వాలు తెల్లారి అయిదింటికి ముట్టుకుంటాను. ఇంకా తడిగా ఉంటే ఆ రోజు నడక వీధి చివర దాకానే. ఆరితే బీచ్ దాకా. థర్మామీటరు చూస్తే మోసపోతాం. మే నెలలో 34 డిగ్రీలే కదా అనుకుని బయల్దేరి, సగం దారిలో కుక్కని ఎత్తుకుని రావాల్సి వస్తుంది. 6 కిలోలు ఎత్తుకుని వాల్తేరు ఎత్తు ఎక్కి చూడండి.

ఇప్పుడు హార్నెస్. నాకు బాగా తెలిసిన భాగం ఇదే, కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను.

మెడకి బెల్టు కట్టి దానికి గొలుసు తగిలించి లాక్కెళ్ళడం చిన్న కుక్కలకి మంచిది కాదు. వీటి గొంతులో గాలి గొట్టం సున్నితం. పొమేరియన్లలో ఆ గొట్టం లోపలికి నొక్కుకుపోయే జబ్బు ఎక్కువని డాక్టరుగారు చెప్పారు. లాగినప్పుడల్లా బాతు అరిచినట్టు దగ్గితే అది సూచన, వెంటనే చూపించాలి. బరువు గొంతు మీద కాకుండా ఛాతీ మీద పడాలి కాబట్టి హార్నెస్.

కొలత ఎప్పుడు తీయాలో తెలుసా? స్నానం చేయించినప్పుడు. బొచ్చు ఒంటికి అంటుకుపోయి అసలు మనిషి, అదే, అసలు కుక్క బయటపడుతుంది. జున్నుకి పొడిగా ఉన్నప్పుడు పైపైన టేపు పెడితే ఛాతీ 52 సెంటీమీటర్లు వచ్చింది. తడిపి కొలిస్తే 43. తొమ్మిది సెంటీమీటర్లు గాలే! పొడిగానే కొలవాలంటే టేపుని బొచ్చులోంచి తోలు దాకా జరపండి. ముందు కాళ్ళకి కాస్త వెనక, ఛాతీ అన్నిటికంటే వెడల్పుగా ఉన్నచోట ఒక చుట్టు. మెడ మొదట్లో, భుజాలకి కాస్త పైన ఇంకో చుట్టు. ఈ రెండూ చాలు. తొడిగాక పట్టీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్ళు దూరాలి, అదీ బొచ్చు అడుగున. బొచ్చు మీద రెండు వేళ్ళు దూరితే లోపల నాలుగు వేళ్ళ వదులు ఉన్నట్టు. ఏడాదికి ఒకటి రెండుసార్లు లోపలి దూది అంతా కుచ్చులు కుచ్చులుగా రాలిపోతుంది. అప్పుడు అదే హార్నెస్ ఒక్కసారిగా వదులైపోతుంది, మళ్ళీ సరిచేయాలి.

కోత విషయం. ముందు నుంచి చూస్తే పట్టీలు ఇంగ్లీషు వై అక్షరంలా ఛాతీ ఎముక మీద కలవాలి. రెండు భుజాలకీ అడ్డంగా ఒకే పట్టీ వెళ్ళే రకం వద్దు, కాలు ముందుకి చాపనివ్వదు. చంక కోత బిగుతుగా పెట్టిన జాకెట్టు వేసుకుని పైన అటక మీద డబ్బా అందుకోవడానికి చెయ్యెత్తి చూడండి, అర్థమవుతుంది. కడుపు పట్టీ ముందు కాలికి రెండు మూడు వేళ్ళు వెనక ఉండాలి. దగ్గరగా ఉంటే చంకలో రాసుకుని బొచ్చు ముద్ద కడుతుంది. జున్నుకి మొదటి ముద్ద అక్కడే కట్టింది.

చొక్కాలా ఒళ్ళంతా కప్పే మెష్ రకం దుకాణాల్లో ఎక్కువ దొరుకుతుంది, చూడ్డానికి ముద్దుగా కూడా ఉంటుంది. మా అమ్మాయి గులాబీ రంగుది, బో కట్టినది పంపింది. పొట్టి బొచ్చు కుక్కలకి బాగానే ఉంటుందేమో. లైనింగ్ వేసిన జాకెట్టు మీద ఇంకో కోటు, అదీ విశాఖలో! వద్దు. సన్న పట్టీల రకమే తీసుకోండి. ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల వెడల్పు చాలు.

పట్టీని వేళ్ళతో తిప్పి లోపలి వైపు చూడండి. స్పాంజి పెట్టి మెత్తగా చేసినది నీళ్ళు పీల్చుకుని సాయంత్రం దాకా వదలదు. నూలు పట్టీ ఇంకా మొండిది. నున్నగా ఉండే నైలాన్ లేదా పాలిస్టర్ పట్టీ ఫ్యాను కింద గంటలో ఆరుతుంది, బొచ్చుని కూడా తక్కువ రాస్తుంది. తోలుది చూడ్డానికి దర్జాగా ఉంటుంది కానీ ఇక్కడ ఒక్క వానాకాలం గడిస్తే తెల్లగా బూజు పడుతుంది. వెల్‌క్రో ఉన్నదైతే చెయ్యి కూడా పెట్టకండి. తీసిన ప్రతిసారీ నాలుగు వెంట్రుకలు పీకుతుంది, కుక్కకి నొప్పి. నెల తిరిగేసరికి ఆ ముళ్ళ నిండా బొచ్చూ ఇసకా చేరి అతుక్కోవడమే మానేస్తుంది. క్లిప్పు ఉన్నదే మేలు. పెట్టేటప్పుడు మాత్రం మధ్యలో బొచ్చు నలగకుండా ఒక వేలు అడ్డం పెట్టాలి.

గొలుసు తగిలించే రింగు సంగతి. బీచ్‌కి దగ్గరగా ఇల్లున్నవాళ్ళకి ఉప్పుగాలి ఏం చేస్తుందో తెలుసు. కిటికీ ఊచలు, ఫ్యాను రెక్కల మరలు, నా కుట్టుమిషను పాదం, దేన్నీ వదలదు. కింద పడ్డ సూదులు ఏరుకోవడానికి నా దగ్గర చిన్న అయస్కాంతం ఉంటుంది. దుకాణానికి అది పట్టుకెళ్ళాను. రింగుకి అంటుకుంటే లోపల ఇనుము, పైన పూత, ఆరు నెలల్లో తుప్పు. అంటుకోకపోతే అప్పుడు కుట్టు చూస్తాను. రింగు దగ్గర పట్టీ మడిచి చదరంగా కుట్టి, మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తులా మళ్ళీ కుట్టి ఉండాలి. ఒక్క వరస కుట్టు ఉంటే చేత్తో గట్టిగా లాగండి, దారం మధ్య ఖాళీలు కనిపిస్తాయి. షాపతను నన్ను అదోలా చూశాడు. చూడనివ్వండి.

ఇంత చూసి కొన్నది కూడా నన్ను ఒకసారి మోసం చేసింది. తప్పు నాదే, లెండి. లాసన్స్ బే వైపు సందులో వీధికుక్క ఒకటి ఎదురొచ్చింది. జున్ను ముందుకి లాగలేదు, వెనక్కి నడిచాడు. తల వంచి వెనక్కి నడిస్తే హార్నెస్ చొక్కాలా తలమీంచి ఊడొచ్చింది. నా చేతిలో గొలుసు, దానికి ఖాళీ హార్నెస్. అరగంట వెతికితే ఆగి ఉన్న కూరగాయల బండి కింద దొరికాడు. అప్పటినుంచి కొత్తది ఏది తొడిగినా ఇంట్లోనే పరీక్ష పెడతాను. తలుపులు వేసి, ఎదురుగా కూర్చుని, బిస్కెట్ చూపిస్తూ గొలుసుని నా వైపు మెల్లగా లాగుతాను. వాడు వెనక్కి మొండికేస్తాడు. ఊడొచ్చేది అక్కడే ఊడొస్తుంది. ఇది కాక హార్నెస్ రింగునీ మెడబెల్టు రింగునీ కలిపే జానెడు పట్టీ ఒకటి కుట్టి పెట్టాను. ఒకటి ఊడినా ఇంకొకటి పట్టుకుంటుంది. కుట్టుకోలేనివాళ్ళకి దుకాణాల్లో దొరుకుతుంది. దీపావళి నెలలో అది లేకుండా గడప దాటకండి.

మెడబెల్టుకి మా ఇంట్లో ఉన్న పని ఇదీ, ఫోను నంబరు చెక్కిన బిళ్ళ మోయడమూ. గుండ్రంగా తాడులా ఉన్నదైతే మెడ చుట్టూ ఉన్న జూలు విరగదు. రాత్రి తీసేయండి.

గొలుసు అంటున్నాను కానీ ఇనప గొలుసు వద్దు. 5 అడుగుల నైలాన్ పట్టీ, చివర చిన్న కొక్కెం. పెద్ద కుక్కల కొక్కెం తగిలిస్తే నడుస్తున్నంతసేపూ వీపు మీద కొడుతూనే ఉంటుంది. బటన్ నొక్కితే సాగే తాడు రకం పక్కింటి కుర్రాడి దగ్గర చూశాను. లాక్ పడకపోతే కుక్క ఆటో కిందకి పోతుంది, తాడు చేతికి చుట్టుకుంటే చెయ్యి కోసుకుపోతుంది. మేము తెల్లవారుజామున చీకట్లో వెళ్తాం కాబట్టి, వెలుతురు పడితే మెరిసే టేపు ఒక ముక్క పట్టీ పొడుగునా కుట్టాను. ఆటోవాళ్ళు దూరం నుంచే స్లో చేస్తున్నారు.

నడక అయిదున్నరకి మొదలై ఆరున్నరకి అయిపోవాలి. సాయంత్రమైతే సూర్యుడు పోగానే వెళ్ళకండి, తారు ఇంకా సెగ కక్కుతూనే ఉంటుంది. చేతి వెనక భాగం రోడ్డు మీద ఆనించి 7 అంకెలు లెక్కపెట్టండి. పెట్టలేకపోతే వాడి పాదాలూ ఆగలేవు. బీచ్ రోడ్డులో నీడ తక్కువ, గాలి ఎక్కువ. గాలి ఉన్న రోజు నాకు అదే ఇష్టం. ఇసకలోకి దిగితే మాత్రం కళ్ళు నేల మీదే ఉండాలి. పెదజాలారిపేట దగ్గర వలలు దులిపిన చోట పడేసిన చేపలు ఉంటాయి. వాటిలో బంతిలా పొట్ట ఉబ్బించుకునే చేప ఒకటి. విషం, నోట్లో పెట్టుకుంటే కుక్క బతకడం కష్టం. తెగిన గాలాలు కూడా ఉంటాయి. సముద్రపు నీళ్ళు నాకనివ్వకండి, వాంతులూ విరేచనాలూ పట్టుకుంటాయి. నేను అర లీటరు సీసాలో మంచినీళ్ళు తీసుకెళ్తాను. వాడికి పోస్తుంటే చేపల గంప పక్కన పెట్టుకుని కూర్చున్న ఒకావిడ రోజూ వేళాకోళం చేస్తుంది. "ఏటమ్మా, నీ కుక్కకి బెల్టుకి కూడా జరీ అంచు కుట్టినావేటి?" అని. ఆ మెరిసే టేపు చూసి.

ఇంటికి రాగానే కాళ్ళూ పొట్టా మామూలు నీళ్ళతో కడిగి, వేళ్ళ సందుల్లో ఇసక తీసి, పాత నూలు లుంగీ ముక్కతో అద్దుతాను. ఉప్పు అలాగే వదిలేస్తే అరికాళ్ళు ఎండి, వాడు వాటిని నాకుతూ కూర్చుంటాడు. హార్నెస్ అప్పుడే తీసేయాలి. ఇంట్లో కూడా వేసి ఉంచితే పట్టీ కింద బొచ్చు ముద్దలు కట్టక మానదు.

దువ్వడానికి రెండు వస్తువులు చాలు. ఒకటి స్లికర్ బ్రష్, సన్నటి వంగిన తీగలు ఉంటాయి, చిన్నది తీసుకోండి. ఇంకొకటి స్టీలు దువ్వెన, సగం పళ్ళు దూరంగా సగం దగ్గరగా ఉన్నది. బ్లేడు పళ్ళతో బొచ్చు రాల్చే పరికరం ఒకటి అమ్ముతారు. ఒక్క రుద్దుకి చేతి నిండా బొచ్చు వస్తుంది, భలే తృప్తిగా ఉంటుంది. ఎక్కువగా వాడితే పైవెంట్రుకలు కూడా తెగిపోతాయని తెలిసి పక్కన పెట్టేశాను.

పొడి బొచ్చుని దువ్వితే విరుగుతుంది కాబట్టి ముందు నీళ్ళు పొగమంచులా చల్లాలి. నేను ఇస్త్రీకి వాడే స్ప్రే సీసానే వాడతాను. పైపైన దువ్వేస్తే పైన పట్టులా మెరుస్తూ లోపల గూళ్ళు కడతాయి. ఒక చేత్తో బొచ్చుని పైకి ఎత్తి పట్టుకుని, అడుగు నుంచి కొంచెం కొంచెం వదులుతూ, తోలు కనిపించేలా వరసలు వరసలుగా దువ్వాలి. చివర స్టీలు దువ్వెన తోలు దాకా దించి లాగితే ఎక్కడా ఆగకూడదు. చెవుల వెనక, చంకల్లో, వెనక తొడల మీద కుచ్చెళ్ళలా ఉన్నచోట మళ్ళీ ఒకసారి. వారానికి మూడు రోజులు, పావుగంట. బొచ్చు రాలే రోజుల్లో రోజూ.

ముద్ద కట్టితే కాస్త కార్న్‌ఫ్లోర్ చల్లి వేళ్ళతో విడదీయండి, తర్వాత దువ్వెన కొసతో. కత్తెర పెట్టకండి. ముద్ద లాగితే తోలు కూడా దానితోపాటు పైకి లేస్తుంది, ఎక్కడ బొచ్చు అయిపోయి ఎక్కడ తోలు మొదలైందో తెలియదు. 30 ఏళ్ళుగా కత్తెర పట్టిన చెయ్యి నాది, చెవి వెనక రెండు కుట్లు పడ్డాయి. అవి డాక్టరుగారు వేశారు.

స్నానం నెలకి ఒకసారి. దువ్వకుండా తడిపితే ఉన్న ముద్దలు ఇంకా బిగుసుకుంటాయి. మన షాంపూ వద్దు, వాటి చర్మం తీరు వేరు, కుక్కల షాంపూయే వాడాలి. నురగ పూర్తిగా పోయేదాకా, తర్వాత ఇంకో రెండు చెంబులు. అసలు పని ఆరబెట్టడం. తువ్వాలుతో రుద్దకండి, పిండినట్టు అదమండి. టేబుల్ ఫ్యాను ముందు కూర్చోబెట్టి, డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టి, బొచ్చు విడదీస్తూ దువ్వుతూ ఆరబెట్టాలి. వానాకాలంలో నాకు రెండు గంటలు పడుతుంది. వేళ్ళు తోలు దాకా పెడితే చల్లగా తగలకూడదు. ఒకసారి పెళ్ళి జాకెట్ల హడావుడిలో పైన ఆరింది చాల్లే అని వదిలేశాను. తెల్లారేసరికి తొడ మీద అరచేయంత ఎర్రటి పచ్చిపుండు. వారం రోజులు మందు.

వేసవి రాగానే ప్రతివాళ్ళూ ఇచ్చే సలహా గుండు కొట్టించమని. వద్దు. ఆ బొచ్చే ఎండ తోలుకి తగలకుండా ఆపుతుంది. గొరిగితే లోపలి దూది ముందు పెరిగి, పైవెంట్రుకలు అతుకులు అతుకులుగా వస్తాయి, కొన్నిటికి మళ్ళీ సరిగ్గా రానేరావు. పాదాల అడుగున, తోక కింద శుభ్రం కోసం కత్తిరించడం వేరు, అది చేయించండి. వేడి బాగా ఉన్న మధ్యాహ్నం పొట్టా పాదాలూ తడిపి ఫ్యాను వేస్తే చాలు. వీపు మీద తడి తువ్వాలు కప్పితే సెగ లోపలే ఉండిపోతుంది. రొప్పడం ఆగకుండా, జొల్లు జిగురుగా కారుతూ, నడక తూలితే మామూలు చల్లని నీళ్ళతో తడుపుతూనే ఆటో ఎక్కి డాక్టరు దగ్గరికి.

గోమార్లకి, అంటే ఒంటికి పట్టుకుని రక్తం పీల్చే పిడుదులకి, మందు బరువుని బట్టి డాక్టరు రాసిస్తారు, అది తప్పించకండి. వాటితో వచ్చే జ్వరం చెడ్డది. ఇంత బొచ్చులో కనిపించవు కాబట్టి దువ్వేటప్పుడు చెవి లోపల, వేళ్ళ మధ్య, మెడబెల్టు కింద వేళ్ళతో తడమాలి. దొరికితే చిమటాతో తోలుకి ఆనించి నిదానంగా పైకి లాగాలి, కిరసనాయిలు పోయకూడదు. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయమని మా ఆడపడుచు చెప్పింది. నాకితే కర్పూరం వాటికి విషం.

గోళ్ళు నేల మీద టకటకమంటే కత్తిరించే వేళ అయిందని గుర్తు. పళ్ళకి కుక్కల పేస్టు, వేలికి తొడిగే బ్రష్. రెయిన్‌కోటు, బూట్లు, సెంటు, పౌడరు కొనలేదు, లోటూ తెలియలేదు.

హార్నెస్‌లు మాత్రం రెండు కొనండి. ఒకటి తొడిగితే ఇంకొకటి ఆరుతూ ఉండాలి. నావి ఒకటి నీలం, ఒకటి మెరూన్, ఒక్కోటి 450 రూపాయలు. కుట్టిన జాకెట్లు తగిలించే మేకుల వరసలో చివరి మేకు వాటిది, ఫ్యాను గాలి తగిలే చోటు. మొన్న ఒకావిడ తన జాకెట్టు కోసం వచ్చి ఆ మెరూన్‌ది చేత్తో పట్టుకుని, "ఇదేం మోడలండీ, వెనకవైపు బాగుంది" అంది.